ఆరుబయటి లెవెల్‌లో ఫ్రేమ్‌లు పడిపోతుంటే: సమస్య - పరిష్కారం

బెంగళూరులో యూనిటీ (గేమ్‌లు తయారుచేసే ఇంజిన్) నేర్చుకునే మనవాళ్లు చాలామంది తొలి ఆరుబయటి లెవెల్‌గా లాల్‌బాగ్‌నే ఎంచుకుంటారు. మంచి ఎంపికే. తోట 240 ఎకరాలు, అంటే దాదాపు ఒక చదరపు కిలోమీటరు. యూనిటీలో కొత్త టెర్రెయిన్ (నేల) కూడా 1000 × 1000 యూనిట్లే, యూనిట్ అంటే ఒక మీటరు. తీరా చెట్లు నాటి మామూలు ఫోన్‌లో పెట్టగానే గేమ్ ఈడుస్తుంది, వెంటనే పాలిగాన్లు (మోడల్ ఉపరితలంలోని ముక్కలు) కోయడం మొదలుపెడతారు.

దయచేసి ముందు ఇది చూడండి. యూఆర్‌పీ (యూనిటీ తెర మీద బొమ్మ గీసే వ్యవస్థ) అసెట్‌లో రెండర్ స్కేల్‌ను (ఎంత రిజల్యూషన్‌లో గీయాలో చెప్పే అంకెను) 1 నుంచి 0.5కి దించి ఫోన్‌లోనే నడపండి. పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. ఫ్రేమ్‌రేట్ ఎగబాకిందా, మీ జబ్బు పిక్సెళ్లలో ఉంది. కదల్లేదా, సీపీయూలోనో వెర్టెక్సుల్లోనో (మోడల్ మూలబిందువుల్లోనో) వెతకండి. ఇంత చిన్న పరీక్ష చెయ్యకుండా వారాల తరబడి మోడళ్లు చెక్కుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఎడిటర్‌లో కనబడే అంకెలను నమ్మకండి.

సరిగ్గా 30 దగ్గరే ఆగిపోయింది

మొబైల్‌లో యూనిటీ డిఫాల్ట్ అదే. టార్గెట్ ఫ్రేమ్‌రేట్‌ను స్క్రిప్ట్‌లో 60 చెయ్యండి.

బండ ఎక్కి చూస్తే పడిపోతోంది, నేల వైపు చూస్తే బాగుంది

కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద నుంచి తోటంతా కనబడాలి కదా. అక్కడ అక్లూజన్ కల్లింగ్ (చాటున ఉన్నవాటిని గీయకుండా వదిలేయడం) ఆదుకోదు, పైనుంచి చూస్తే దేని చాటునా పెద్దగా ఏదీ ఉండదు. షాడో డిస్టెన్స్ (నీడలు గీసే దూరం) తగ్గించండి, కాస్కేడ్లు (ఆ దూరాన్ని నీడల కోసం విడగొట్టే భాగాలు) 4 ఉంటే 2 చెయ్యండి. చెట్టు ఎన్ని కాస్కేడ్లలోకి వస్తే ఇంజిన్ దాన్ని అన్నిసార్లు మళ్లీ గీస్తుంది. గడ్డికీ చిన్న పొదలకూ నీడలు తీసేయండి, దూరపు చెట్లను బిల్‌బోర్డులుగా (చదునైన బొమ్మలుగా) మార్చండి.

గుబురులోకి వెళ్లగానే పడిపోతోంది, డ్రా కాల్స్ (జీపీయూకి వెళ్లే గీయమనే ఆదేశాలు) మాత్రం తక్కువే

అందరినీ ముంచేది ఇదే. ఆకుల గుత్తిని ఒక చదరపు కార్డు మీద అతికించి, ఖాళీ భాగాన్ని ఆల్ఫా క్లిప్పింగ్‌తో తీసేస్తాం. కంటికి కనబడని ఆ ఖాళీకి కూడా షేడర్ (పిక్సెల్ రంగు లెక్కకట్టే ప్రోగ్రామ్) నడుస్తుంది. గట్టి వస్తువైతే ముందున్నది వెనకదాన్ని కప్పేస్తుంది, వెనక పిక్సెల్‌కు షేడర్ పనే ఉండదు. క్లిప్ చేసిన ఆకుల్లో పిక్సెల్ ఉంటుందో పోతుందో షేడర్ నడిచాక గానీ తేలదు. ఫోన్ జీపీయూలకు ఇది మరీ బరువు. కార్డులు విస్తరాకుల కట్టలా ఒకదాని వెనక ఒకటి పేరుకుంటాయి. 1080 × 2400 తెర అంటే దాదాపు 26 లక్షల పిక్సెళ్లు, ఎనిమిది పొరలు పడితే ఒక్క ఫ్రేమ్‌కే రెండు కోట్లకు పైగా షేడర్ పరుగులు.

ఎల్ఓడీ (దూరం పెరిగేకొద్దీ తేలికైన మోడల్ వాడటం) పెట్టినా ఫలితం లేదంటారు. ట్రయాంగిల్స్ తగ్గాయి గానీ కార్డు తెర మీద ఆక్రమించే చోటు తగ్గలేదు, ఫలితం ఎలా ఉంటుంది? ఇక్కడ చెయ్యాల్సింది తలకిందులు: ట్రయాంగిల్స్ పెంచాలి. చదరపు కార్డును ఆకు అంచు వెంబడి ఆరేడు మూలలతో కత్తిరించండి, ఖాళీ పోతుంది. కొమ్మకు చిన్న కార్డులు పది బదులు నిండైనవి నాలుగు పెట్టండి. దూరపు ఎల్ఓడీలో క్లిప్పింగ్ తీసేసి గట్టి ఆకుపచ్చ ముద్దగా చెయ్యండి, అంత దూరంలో ఎవరికీ తేడా తెలియదు. ఆకుల మెటీరియల్‌లో నార్మల్ మ్యాప్ (ఎత్తుపల్లాల భ్రమ కలిగించే చిత్రం) లేకపోయినా నష్టం లేదు. సర్ఫేస్‌ను ట్రాన్స్‌పరెంట్‌గా మాత్రం పెట్టకండి: డెప్త్ (కెమెరా నుంచి ఎంత దూరమో) రాయదు కాబట్టి ఏ పొరా ఏ పొరనూ ఆపదు. మార్చిన ప్రతిసారీ రెండరింగ్ డీబగ్గర్‌లో ఓవర్‌డ్రా మోడ్ (ఒకే పిక్సెల్‌ను ఎన్నిసార్లు గీస్తున్నారో చూపేది) పెట్టి చూడండి.

మిగతావి

నడుస్తుంటే అప్పుడప్పుడూ కుదుపు వస్తే ప్రొఫైలర్‌లో జీసీ అలాక్ కాలమ్ చూడండి, ఏదో స్క్రిప్ట్ ప్రతి ఫ్రేమ్‌కూ మెమరీ అడుగుతుంటుంది, ఆ చెత్తను శుభ్రం చేసేటప్పుడే కుదుపు. టెర్రెయిన్ కొలైడర్ (నేలను తాకడాన్ని లెక్కించేది) అరుదుగా తప్ప కారణం కాదు. కాసేపు బాగా నడిచి తర్వాత మందగిస్తే ఫోన్ వేడెక్కి వేగం తగ్గించుకుంటోంది. 60 ఫ్రేమ్‌లకు మీకున్న 16.6 మిల్లీసెకన్లను ఏసీ గదిలో మొదటి నిమిషంలో కాకుండా, పావుగంట ఆడి ఫోన్ వేడెక్కాక కొలవండి.