ఇసుక నేలలో పెరడు: మా వేటపాలెం పద్ధతి

నేను పుట్టింది నరసరావుపేట వైపు నల్లరేగడిలో. వానాకాలం పొలంలో అడుగేస్తే చెప్పు బురదలో ఉండిపోయి కాలు మాత్రం బయటికొచ్చే నేల అది. పెళ్లయి సముద్రతీరం దగ్గరున్న ఈ వేటపాలెం వచ్చిన కొత్తలో పెరట్లో ఇసుక నేల మీద బిందెడు నీళ్లు పోశాను. ఖాళీ బిందె కింద పెట్టేలోపే నీళ్లు ఇంకిపోయాయి. ఇక్కడేం పండుతుందిలే అనుకున్నాను. ఇప్పుడు ఆ ఎనిమిది సెంట్లలోనే మా ఇంటికి కూర సరిపోతోంది.

ముందు మీ నేల ఎంత ఇసుకో చూసుకోండి. గుప్పెడు మట్టి తడిపి ఉండ చెయ్యండి. ఉండ కట్టకుండా వేళ్ల సందుల్లోంచి రాలిపోతే అచ్చమైన ఇసుకే. ఇంకా తెలియాలంటే గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్లు పోసి గట్టిగా కుదిపి పక్కన పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కి దిగుతుంది, ఒండ్రుకి గంటలు పడుతుంది, బంకమట్టి దిగడానికి ఒక రోజు పైనే. మా పెరటి మట్టికి నిమిషంలోనే నీళ్లు దాదాపు తేటపడ్డాయి. నీటిని, ఎరువుని పట్టి ఉంచేది ఆ బంకమట్టే. మా దగ్గర అదే లేదు.

అది తెలియక మొదటి ఏడాది పుట్టింటి లెక్కలో వంగ మొక్కలకి యూరియా ఒకేసారి వేసి తడి పెట్టాను. అది నీళ్లతోపాటు వేళ్లు దాటి కిందికి పోయింది. వారం తిరిగేసరికి ఆకులు మళ్లీ పసుపెక్కాయి. మా అత్తయ్య చూసి, "ఇసుక చంటిపిల్లలాంటిది అమ్మాయ్. ఒకేసారి పెడితే కక్కుద్ది. కొంచెం కొంచెం, మాటిమాటికీ పెట్టాలి" అంది. నీళ్లకీ ఎరువుకీ ఆ ఒక్క మాట పట్టుకున్నాను. నెలకొకసారి వేసే ఎరువుని నాలుగు భాగాలు చేసి వారం వారం వేస్తాను. వేసవిలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తక్కువ తక్కువ నీళ్లు. డ్రిప్ పెట్టుకుంటే గొట్టం మీద చుక్కలు పడే రంధ్రాల మధ్య దూరం తగ్గించండి. ఇసుకలో నీరు పక్కలకి పాకదు, నిట్టనిలువునా కిందికే దిగుతుంది.

అసలు టెన్షన్ నీళ్లతోనే. మా తీరంలో పాతకాలం నుంచి దొరువులున్నాయి. ఇసుకలో పల్లంగా తవ్విన, లోతు తక్కువ గుంటలు. అందులోకి దిగి కుండలతో ముంచుకొచ్చి మొక్కలకి పోసేవాళ్లు. లోతు ఎందుకు తవ్వరంటే, వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. మంచినీరు ఉప్పునీటి మీద పొరలా తేలి ఉంటుంది. పైన మంచినీటి మట్టం ఒక్క అడుగు తగ్గితే కింద ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి లేస్తుందని లెక్క. మా వీధిలో ఒకాయన నీళ్లు చాలడం లేదని బోరు లోతుగా దించాడు. రెండు వేసవులకే ఆ నీళ్లు నోట్లో పెట్టుకోలేని ఉప్పయ్యాయి. బాపట్ల వ్యవసాయ పరిశోధన వాళ్లు దొరువునే మెరుగుపరిచారు. చిల్లుల గొట్టాలు తక్కువ లోతులో అడ్డంగా పరిచి, పై పొర నీరు మాత్రం మధ్య బావిలోకి చేరేలా చేశారు. పెరటికి అంత అక్కర్లేదు. చిన్న మోటారు పెట్టి, కాసేపు తోడి, ఊరనిచ్చి మళ్లీ తోడండి. వేసవిలో ఒకసారి నీళ్లు పరీక్ష చేయించండి, ఉప్పు బాగా పెరిగేది అప్పుడే.

మట్టి బాగుచేయబోయి నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని ఇంకోటుంది. చెరువు మట్టి తోలితే ఇసుకకి బలం అని విని, చవగ్గా వస్తోందని ఒక ట్రాక్టరు తోలించాను. అది వదిలేసిన రొయ్యల చెరువు మట్టి. నాలుగు రోజులకి పైన తెల్లగా ఉప్పు పొర కట్టింది. తోటకూర మొలిచి మొలవగానే మాడిపోయింది. ఏడ్చినంత పనైంది. అయితే ఇసుకకి ఉన్న ఒక్క సుగుణం అప్పుడు తెలిసింది: ఉప్పుని కూడా పట్టి ఉంచలేదు. ఒక్క వానాకాలం గట్టిగా కురిసేసరికి అంతా కడుక్కుపోయింది. రేగడిలో అయితే ఏళ్లు పట్టేది. మీరు మట్టి తోలించుకునేముందు చిటికెడు నాలిక మీద వేసుకు చూడండి, సిగ్గుపడొద్దు. కొబ్బరి పొట్టు కొన్నా అంతే, దానిలోనూ ఉప్పుంటుంది, రెండు మూడు నీళ్లు కడిగి వాడండి.

మడి తయారీ ఇలా. తొలకరికి పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లి, పూతకొచ్చే వేళకి, అంటే 45 రోజులకి అటూ ఇటూగా, కోసి అక్కడే మట్టిలో కలిపేయండి. నేల బాగా ఉప్పుగా ఉంటే జనుము బదులు జీలుగ. పైన పశువుల ఎరువు. ఆ పైన ఎండుటాకులు, సరుగుడు రాల్పు మందంగా కప్పండి. ఇసుకకి కప్పు లేకపోతే మేలో మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం, వేళ్ల సంగతి చెప్పేదేముంది! ఎరువు ఒక్కసారి వేసి ఊరుకుంటే కుదరదు. వేడికి త్వరగా కుళ్లిపోతుంది, ఏటా వేయాల్సిందే. చెట్లు పెట్టేచోట అడుగున కొబ్బరి డొక్కలు, లోపలి గుంట పైకి ఉండేలా పరిచి ఆపైన మట్టి నింపండి. తడి పట్టి ఉంచుతాయి.

ఏం వేయాలి? వేరుశనగ, చిలగడదుంప, ముల్లంగి, దోస, సొర, మునగ, సపోటా, జీడిమామిడి, కనకాంబరం. క్యారెట్‌కి, ఉల్లికి ఇసుక నచ్చుతుంది గానీ ఉప్పునీరు పడదు. నీరు ఉప్పుగా ఉంటే పాలకూర, బీట్‌రూట్ మేలు. టమాటా, వంగ, బెండ వేస్తే మాత్రం వేళ్లని పట్టే, కంటికి కనపడని నులిపురుగులతో జాగ్రత్త, వాటికి ఇసుకంటే పండగ. మొక్క వడిలి పీకితే వేళ్లకి బుడిపెలు కనపడతాయి. అదే మడిలో వరసగా వేయకండి. మధ్యలో ఒక పంటకాలం బంతిపూల మొక్కలు వేయండి, నాటే గుంటలో వేపపిండి కలపండి.

సముద్రం వైపు గాలికి తాటాకు దడి కట్టి, దాని బయట సరుగుడు పెట్టాం. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫానుకి దడి లేచిపోయింది, సరుగుడు మాత్రం వంగి నిలబడింది. గాలి తగ్గాక చేయాల్సిన మొదటి పని కూలినవి ఎత్తడం కాదు, ఆకుల మీద ఉప్పు పోయేలా మంచినీళ్లు చల్లడం. మునగ ఎటూ చిగురిస్తుంది, దాన్ని వదిలేసి ముందు నారుమళ్లు కడగండి.