వసంత వలసల్లో గుంపుగా పిట్టల్ని చూడబోయే ముందు

రాత్రి ఎదురుగాలి వీచి, తెల్లవారుజామున వాన పడి ఆగిందంటే పిట్టల్ని చూసేవాళ్ల ఫోన్లు మోగడం మొదలవుతుంది. "పిట్టలు బాగా దిగాయట, వస్తున్నారా?" ఆ మాట చెవిన పడితే నాకూ కాళ్లు నిలవవు. బూట్లు వేసుకునేలోపు మాత్రం ఒక సంగతి గుర్తు చేసుకుంటాను. అవి ఎందుకు దిగాయి?

వలస వెళ్లే చిన్న పిట్టల్లో ఎక్కువ భాగం రాత్రిపూటే ఎగురుతాయి. పొద్దు గుంకాక గాలి చల్లబడుతుంది, కుదుపులు తగ్గుతాయి, డేగల భయం ఉండదు. వెనక నుంచి గాలి తోడుంటే మన తలల మీదుగా సాగిపోతాయి, మనకు తెలియను కూడా తెలియదు. ఎదురుగాలో వానో అడ్డం వచ్చినప్పుడే ముందుకు పోలేక, దొరికిన పొదలోకి వాలిపోతాయి. అంటే మనకు గొప్ప ఉదయమైన రోజు వాటికి గడ్డు రోజు. రూబీ థ్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ బరువు సుమారు 3 గ్రాములు. వసంతంలో వాటిలో చాలా పిట్టలు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా 800 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగిరి ఒడ్డుకు చేరతాయి. అలా వచ్చిన పిట్టకు అప్పుడు కావలసింది తిండి, కాస్త నిద్ర. దాని ఎదురుగా పదిహేను మంది బైనాక్యులర్లతో నిలబడితే ఆ రెండూ దక్కవు.

గుంపుగా వెళ్లేటప్పుడు జాగ్రత్తలు వేరుగా ఉండాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఒక్కరు ఒక అడుగు ముందుకు వేస్తే పిట్ట మెడ తిప్పి చూసి ఊరుకుంటుంది. పదిహేను మంది తలా ఒక అడుగు వేస్తే లేచిపోతుంది. తప్పు ఎవరిదీ కాదనిపిస్తుంది, నష్టం మాత్రం జరిగిపోతుంది.

బయల్దేరే ముందు రోజు

నా లెక్కలో ఒక గుంపుకు పది, పన్నెండు మంది చాలు. ఎక్కువమంది వస్తామంటే రెండు గుంపులు చేయండి, దారులు వేరు చేయండి. ప్రతి గుంపుకూ ముందు నడిచే మనిషి ఒకరు, అందరికంటే చివర నడిచే మనిషి ఒకరు ఉండాలి. చివరి మనిషి పని చిన్నదనుకోకండి. ఫొటో కోసం ఆగిపోయినవాళ్లు, మోకాళ్ల నొప్పితో నెమ్మదించినవాళ్లు, షూ లేసు కట్టుకుంటూ వెనకబడినవాళ్లు అందరూ ఆ మనిషి కంట్లో ఉండాలి. నేను కొత్తగా గుంపును నడిపిన రోజుల్లో చివర ఎవరినీ పెట్టలేదు. ఒక పెద్దావిడ చీలుదారి దగ్గర మరో వైపు వెళ్లిపోయారు. ఫోన్ సిగ్నల్ లేదు. ఆవిడ దొరికేదాకా పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి బయల్దేరేటప్పుడు, ప్రతి మలుపు దగ్గర, తిరిగి వచ్చాక తలలు లెక్కపెట్టకుండా ఉండను.

వచ్చేవాళ్లను ముందే విడివిడిగా అడగండి: ఉబ్బసం ఉందా, తేనెటీగ కుడితే ఒళ్లంతా వాచే అలర్జీ ఉందా, గుండె మందులు వాడుతున్నారా? వసంతం పుప్పొడి కాలం కూడా. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని కారులో వదిలేసి వస్తే అరగంట నడిచాక ఇబ్బంది పడతారు. అందరి ముందూ అడిగితే చాలామంది చెప్పరు కాబట్టి ఫోన్ చేసి అడగడమే మేలు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ ప్రాంతం మ్యాప్‌ను నెట్ లేకుండా కూడా తెరుచుకునేలా ఫోన్లో దించుకోండి.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెల్లారేటప్పుడు చలి, పది గంటలకు ఎండ ఉంటాయి కాబట్టి పొరలుగా వేసుకోండి. తడిస్తే ఒంటికి అంటుకుపోయే నూలు బట్టలు చలిగాలిలో మంచివి కావు. బూట్లు చీలమండ దాకా పట్టి ఉంచేవై ఉండాలి. నీళ్లు మరవకండి.

పిడుగుల సంగతి

పిట్టల్ని కిందికి దించే వానల్లో ఉరుముల వానలు కూడా ఉంటాయి. అందుకే పిట్టల కోసం పరుగెత్తే ఆత్రం, వాతావరణం చూసుకోవాల్సిన అవసరం ఒకే రోజున వచ్చిపడతాయి. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. 30 సెకన్ల లోపే వినపడితే పిడుగు పడే దూరంలో మీరున్నట్టే. వెంటనే పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లిపోవాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. స్కోపు (పిట్టల్ని చూసే చిన్న టెలిస్కోపు), ట్రైపాడ్ భుజాన వేసుకుని ఖాళీ మైదానంలో నడవకూడదు. చివరి ఉరుము వినపడ్డాక 30 నిమిషాలు ఆగి గానీ మళ్లీ బయటికి రావద్దు. "వాన తగ్గిందిగా, పదండి" అని తొందరపెట్టేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. నడిపించేవాళ్లు ఇక్కడ మొహమాటపడకూడదు.

చూపు పైన ఉన్నప్పుడు కాళ్లు

ఇన్నేళ్లలో నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం పాముల వల్లో తేనెటీగల వల్లో తగిలినవి కావు. బైనాక్యులర్లు కళ్లకు ఆనించుకుని వెనక్కి ఒక అడుగు వేయడం వల్ల తగిలినవి. కొమ్మ చివర పిట్ట సరిగా కనపడటం లేదని మన ప్రమేయం లేకుండానే కాలు వెనక్కి వెళ్తుంది. అక్కడ వేరు ఉంటుంది, గుంట ఉంటుంది, గట్టు అంచు ఉంటుంది. ఒకసారి మా గుంపులో ఒకాయనకు ఇలాగే చీలమండ విరిగింది. ఆయన్ని రోడ్డు దాకా మోసుకురావడానికి గంటన్నర పట్టింది. నియమం ఒక్కటే: బైనాక్యులర్లు కళ్ల మీద ఉంటే కాళ్లు కదలవు. కదలాలంటే ముందు బైనాక్యులర్లు దించాలి. బయల్దేరే ముందు అందరి చేతా ఒకసారి పైకి చెప్పించండి, పిల్లలుంటే మరీ.

బైనాక్యులర్లతో సూర్యుణ్ణి చూడటమనేది క్షణం కూడా జరగకూడదు. కంటి రెటీనా శాశ్వతంగా దెబ్బతింటుంది. ఎవరు కావాలని చూస్తారు అంటారేమో. డేగలు పగటి వేడిగాలిలో సుడులు తిరుగుతూ పైకి లేస్తుంటాయి కదా, వాటిని వెంటాడుతూ చూపు తిప్పితే సూర్యుడు అద్దంలోకి వచ్చేస్తాడు. సూర్యుణ్ణి చెట్టో గోడో మరుగుపరిచే చోట నిలబడితే ఈ ప్రమాదం ఉండదు. ఎత్తు కొమ్మల్లో వార్బ్లర్లను, అంటే పురుగులు తినే బుల్లి పిట్టల్ని, గంటలకొద్దీ చూస్తే మెడ పట్టేస్తుంది. మధ్య మధ్య దించి, మెడ తిప్పుకుని, వీలుంటే ఏటవాలు నేల మీద వెనక్కి ఆనుకుని చూడండి.

రోడ్డు పక్కన నడవాల్సి వస్తే ఎదురుగా వచ్చే బళ్లు కనిపించే వైపు, ఒకరి వెనక ఒకరుగా నడవండి. పిట్ట కనపడింది కదా అని రోడ్డు మధ్యలో స్కోపు దింపేవాళ్లను చాలామందిని చూశాను. పోటు వచ్చే బురద తీరాల్లో మరో చిక్కు ఉంది. నీరు పెరిగేకొద్దీ బురదలో మేసే ఉల్లంకి పిట్టలు ఒడ్డుకు దగ్గరవుతాయి, అందుకని పోటుకు గంటో రెండు గంటలో ముందు చూడటం బాగుంటుంది. ఆ సమయంలోనే మన వెనక ఉన్న కాలవల్లోకి నీళ్లు వచ్చేసి దారి మూసుకుపోతుంది. పోటు వేళలు చూసుకుని, గట్టి నేల మీద నిలబడే చూడండి. బురదలోకి దిగవద్దు.

పిట్టకు మనం ప్రమాదం కాకుండా

రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్టల్లో కొన్ని దక్షిణ అమెరికా కొస నుంచి బయల్దేరి ఆర్కిటిక్ దాకా వెళ్తాయి. మే నెలలో అమెరికా తూర్పు తీరంలోని డెలవేర్ బేలో ఆగి, హార్స్‌షూ క్రాబ్‌లనే పీతల్లాంటి సముద్ర జీవుల గుడ్లు తిని, సుమారు రెండు వారాల్లో బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. అలా ఒళ్లు చేయని పిట్ట ముందుకు పోయినా గూడు కట్టే బలం దానికి మిగలదు. అందుకే న్యూజెర్సీలో ఆ కొన్ని వారాలు కొన్ని తీర భాగాల్లోకి మనుషుల్ని రానివ్వరు. అటువంటి చోట తాడు కట్టి ఉంటే దాన్ని దాటే ఆలోచన కూడా చేయకండి. తాడు లేని చోట కూడా అదే పద్ధతి పాటించవచ్చు.

ఎంత దూరంలో ఆగాలో పిట్టే చెబుతుంది. మేత ఆపి తల ఎత్తిందంటే మీరు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. అక్కడే ఆగిపోవాలి. గుంపంతా ఒకేసారి అటూ ఇటూ నడవడం, తోక ఎగరేస్తున్నా, ఒళ్లు దించి పారిపోయేలా ఉన్నా పట్టించుకోకపోవడం అంటే దాని కడుపు కొట్టడమే. పొదలో దిగిన పిట్టను ఎప్పుడూ చుట్టుముట్టకండి. ఒకే వైపు, అర్ధచంద్రంలా నిలబడండి, పిల్లలు, పొట్టివాళ్లు ముందు. ఆ అవతలి వైపు దానికి తెరిచి ఉంచాలి. ఒకసారి ఒక కంచె దగ్గర మూడు వైపులా జనం చేరి, అలిసి వచ్చిన ఒక చిన్న పిట్టను కొమ్మ నుంచి కొమ్మకు తరుముతూ ఉంటే చూశాను. ఫొటోలు బాగా వచ్చాయని అందరూ సంబరపడ్డారు. అది రెక్కలు ఆడించలేక నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు నోరు విప్పి "ఇక చాలు, వెనక్కి జరగండి" అనలేకపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పిట్ట కూతను ఫోన్లో పెట్టి రప్పించే అలవాటు వసంతంలో మరీ చెడ్డది. ఇది జోడు కట్టే కాలం. పోటీ మగపిట్ట వచ్చిందనుకుని మేత వదిలేసి వచ్చి అరుస్తుంది, వెతుకుతుంది, దాచుకున్న శక్తినంతా ఖర్చు పెడుతుంది. ఒకరు ఒకసారి పెడితే ఏముందిలే అనుకుంటారు. ఆ చోటికి వారంలో వచ్చే గుంపులన్నీ తలా ఒకసారి పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మెర్లిన్ లాంటి యాప్‌లతో కూత విని పిట్టను గుర్తుపట్టడం వేరు, అది మంచిదే. అందులో నమూనా కూతలు వినాలంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

పిట్టను చూపించడానికి చేయి ఊపి, వేలు చాపి అరవనక్కర్లేదు. చెట్టును గడియారం ముఖం అనుకుని "ఎడమ చెట్టు, రెండు గంటల దగ్గర, మధ్య కొమ్మ" అని మెల్లగా చెబితే అందరి చూపూ అక్కడికే చేరుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు చూసే వంతు ముందు ఇవ్వండి. తనకు దొరకదేమోనన్న కంగారు ఉన్న మనిషే పొదలోకి దూరుతాడు.

గూడు కనపడితే ఆగకుండా దాటిపోండి. గూటి ఫొటో పెట్టవద్దు, ఆ చోటు ఎక్కడో చెప్పవద్దు. పొదను విడదీసి చూస్తే కాకులకు, పిల్లులకు దారి చూపినట్టవుతుంది.

చచ్చిన పిట్టగానీ, మెడ వాల్చేసిన పిట్టగానీ కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి. ఎచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఈ మధ్య సంవత్సరాల్లో చాలా దేశాల్లో అడవి పక్షులకు సోకింది. పిల్లల్ని దూరంగా ఉంచి, అక్కడి వన్యప్రాణి విభాగానికి తెలియజేయండి. ఇంటికి రాగానే బూట్ల అడుగున బురద కడిగేయండి, ఇంట్లో కోళ్లు ఉంటే తప్పకుండా.

తిరిగి వచ్చాక

గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులంటారు, వసంతంలో చురుగ్గా ఉంటాయి. కొన్ని ప్రాంతాల్లో ఇవి లైమ్ వ్యాధిని, అంటే గోమారి కాటుతో సోకే ఒక బాక్టీరియా జబ్బును, మోస్తాయి. పిల్ల గోమారి గసగసాల గింజంతే ఉంటుంది, కుడితే నొప్పి కూడా తెలియదు. కాలిబాట మధ్యలోనే నడవడం, పొడుగు గడ్డిలోకి దిగకపోవడం, లేత రంగు ప్యాంటును మేజోళ్లలోకి దోపుకోవడం సగం పని చేస్తాయి. దోమల మందు రాసుకుంటే చేతులు తుడుచుకున్నాకే బైనాక్యులర్లు పట్టుకోండి. డీట్ అనే రసాయనం ఉన్న మందులు ప్లాస్టిక్‌ను, రబ్బరును తినేస్తాయి.

ఇంటికి రాగానే స్నానం చేసి చంకలు, మోకాళ్ల వెనక, గజ్జలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు చూసుకోండి. గోమారి పట్టుకుని ఉంటే సన్న మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి బాగా దగ్గరగా పట్టి, తిప్పకుండా నిటారుగా పైకి లాగండి. నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరావు. తర్వాత సబ్బుతో కడిగి, తేదీ రాసి పెట్టుకోండి. ఆ తర్వాత నెల రోజుల్లో జ్వరం వచ్చినా, ఎర్ర మచ్చ మెల్లగా పెద్దదవుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆ తేదీ చెప్పండి. లైమ్ వ్యాధి గోమారి ఒంటికి అంటుకున్న కొన్ని గంటలకే సోకడం అరుదు, సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది కాబట్టి అదే రోజు వెతికి తీసేయడం చాలా పని చేస్తుంది. నేను మా గుంపులో అందరికీ ఆ రాత్రి తొమ్మిదింటికి ఒక మెసేజ్ పెడతాను: "ఒళ్లు చూసుకున్నారా?" అందరూ బదులిచ్చేదాకా మళ్లీ మళ్లీ అడుగుతాను.