ఈసారి పెళ్లికి ఇంట్లో మగవాళ్లకూ పంచె కట్టించండి

మన నల్గొండ, పాలమూరు వైపు ఏ పెళ్లిలో చూసినా ఆడవాళ్లు పట్టుచీరల్లో ఉంటారు, మగవాళ్లు జీన్స్‌లో తిరుగుతారు. కోడలు ప్యాంటు వేసుకుంటే నలుగురూ నాలుగు మాటలంటారు గానీ కొడుకు టీషర్ట్‌తో పీటల దాకా వచ్చినా అడిగేవాళ్లుండరు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ముందుగా, బట్టలు ఇద్దరికీ ఒకేసారి కొనండి. పోచంపల్లి వెళ్తే చీరతో ఆగకుండా ఇక్కత్ చొక్కా గుడ్డ కూడా తీసుకోండి. ఎండాకాలం పెళ్లయితే ఆడవాళ్లను బరువైన పట్టు కట్టుకోమని బలవంతం చేయొద్దు. గద్వాల చీరలో నేత నూలుతో, అంచు, కొంగు పట్టుతో వచ్చే రకం ఉంటుంది, ఒంటికి హాయిగా ఉంటుంది.

ఇక పంచె. నాలుగు రోజుల ముందే ఇంట్లో కట్టి చూడండి. నడుము చుట్టూ తిప్పి, రెండు కొసలూ సమానంగా ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర గట్టిగా ముడి వేయాలి. ఒక కొసను కుచ్చిళ్లు మడిచి కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి గోచీగా దోపాలి, రెండో కొస కుచ్చిళ్లు ముందు దోపితే చాలు. పైన బెల్ట్ పెడితే జారుతుందన్న టెన్షన్ ఉండదు. అప్పటికీ భయపడే కుర్రాళ్లకు వెల్క్రో పంచెలు దొరుకుతాయి, అవి కట్టుకున్నా చిన్నతనమేం కాదు.

బైక్ మీద వచ్చేవాళ్లు, ఆడైనా మగైనా, ప్యాంటులో వచ్చి ఫంక్షన్ హాల్లోనే మార్చుకోవాలి. కొంగైనా పంచె కొసైనా చక్రంలో చిక్కుకుంటే ప్రాణానికే ప్రమాదం.