గాలివానల్లో కంప్యూటర్‌ను స్లీప్‌లో వదిలేస్తున్నారా?

ఏప్రిల్, మే వచ్చాయంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పొద్దంతా ఎండ దంచికొడుతుంది. సాయంత్రానికి ఈదురుగాలి లేస్తుంది, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లను చిప్‌లలో దాచే డ్రైవ్) ఉన్న కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేచిపోయే అలవాటు ఉంటే ఈ రెండు నెలలు కాస్త మార్చుకోండి.

స్లీప్ వల్ల ఎస్‌ఎస్‌డీ పాడవుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. స్లీప్‌లోకి పోయే ముందే విండోస్ డ్రైవ్‌లో రాయాల్సింది రాసేస్తుంది. మీరు తెరిచి ఉంచిన పని మాత్రం ర్యామ్‌లోనే, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలోనే ఉంటుంది. దానికి కరెంటు ఆగిందా, సేవ్ చేయనిదంతా గల్లంతు కావచ్చు. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ కాపాడుతుంది కాబట్టి అసలు ముప్పు యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కే.

పైగా మానిటర్ నల్లగా కనిపిస్తే బంద్ అయిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఉరుము వినపడగానే గోడ స్విచ్ నొక్కేస్తారు. వాళ్లదేం తప్పు? చాలా డెస్క్‌టాప్‌లలో స్లీప్‌లో ఉన్నప్పుడు క్యాబినెట్ మీది చిన్న లైటు ఆగి ఆగి వెలుగుతుంది. అది వెలుగుతున్నంతసేపు స్విచ్ ముట్టుకోవద్దని ఒకసారి దగ్గరుండి చూపించండి.

రాత్రికి, ఊరెళ్లేటప్పుడు హైబర్నేట్ మేలు. ఇది ర్యామ్‌లోని పనిని ఎస్‌ఎస్‌డీలో దాచి కంప్యూటర్‌ను పూర్తిగా ఆపేస్తుంది. మెనూలో కనపడకపోతే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పవర్ బటన్ల సెట్టింగ్‌లో టిక్ పెట్టుకోవాలి. రోజూ రాస్తే డ్రైవ్ అరిగిపోదా అని అడుగుతారు. 8 జీబీ ర్యామ్ ఉంటే ఒకసారికి 3 జీబీ అటూఇటూ అనుకోండి, రోజుకోసారి చేసినా ఏడాదికి 1 టీబీ (వెయ్యి జీబీ) పైచిలుకు. పేరున్న 500 జీబీ డ్రైవ్‌లు చాలావాటికి కంపెనీలు 300 టీబీ దాకా రాయొచ్చని భరోసా ఇస్తాయి. ఆ లెక్కన కంప్యూటరే ముందు పాతబడుతుంది.

జాగ్రత్తంతా ఆ రాసే కాసేపట్లోనే ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే, చవక డ్రైవ్‌లలో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టికే చెడిపోవచ్చు. విండోస్ అప్‌డేట్‌కూ ఇదే వర్తిస్తుంది. మబ్బు పట్టాక రెండూ మొదలుపెట్టకండి. సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టండి, ఫ్యాన్ ఆగి లైటు ఆరాక ప్లగ్ పీకేయండి. నెట్ కేబుల్ కూడా, పిడుగు దాని గుండా సైతం వస్తుంది.

జిరాక్స్ సెంటర్లు, ఫొటో స్టూడియోల వాళ్లకు ఇంకొకటి. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీని తగిలించి ఉంచి హైబర్నేట్ చేసి, ఆ డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో వాడి తెచ్చి మళ్లీ పెడితే ఫైళ్లు కలగాపులగం అవుతాయి. మొదటి కంప్యూటర్‌కు మధ్యలో జరిగిన మార్పులు తెలియవు మరి. ముందే ఎజెక్ట్ చేసి తీసేయండి.

ల్యాప్‌టాప్ మూత మూసి బ్యాగులో పెట్టి మధ్యాహ్నం బస్సెక్కేవాళ్లు మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోవాలి. ఇప్పటి మోడళ్లు కొన్ని స్లీప్‌లోనూ లోలోపల పనిచేస్తూ బ్యాగులోనే వేడెక్కుతాయి, హైదరాబాద్ చేరేసరికి ఛార్జింగూ ఉండదు.

ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఇంకోచోట ఈ వారమే పెట్టుకోండి. పాత హార్డ్ డిస్క్‌లు పోయే ముందు చాలాసార్లు టిక్కుటిక్కుమని చప్పుడైనా చేసేవి, ఎస్‌ఎస్‌డీ అదీ చేయదు.