ఫోన్ హ్యాక్ అయిందని అనుమానమా? ఏది ముందు, ఏది తర్వాత చేయాలి

ఫోన్ వేడెక్కుతోందనీ, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోందనీ, ఎవరో హ్యాక్ చేసి ఉంటారనీ భయపడేవాళ్లలో చాలామంది ఫోన్‌కి నిజానికి ఏమీ అయి ఉండదు. పాతబడ్డ బ్యాటరీ, ఎండాకాలం, నిండిపోయిన స్టోరేజీ, నిన్న రాత్రి దిగిన అప్‌డేట్... ముందు వీటిని అనుమానించాలి. నిజంగా దెబ్బతిన్నవాళ్ల ఫోన్ చాలాసార్లు చల్లగా, చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చేదాకా, ఒక్కోసారి ఆ మెసేజ్ కూడా రాకుండానే.

ఇంకో మాట. మన దగ్గర జరిగేవాటిలో ఎక్కువ భాగం ఎవడో ఎక్కడో కూర్చుని ఫోన్‌లోకి దూరిపోవడం కాదు. మనమే మన చేత్తో ఏదో ఇన్‌స్టాల్ చేసి ఉంటాం, ఎవరికో కోడ్ చెప్పి ఉంటాం, లేదా ఒకే పాస్‌వర్డ్ పది చోట్ల వాడి ఉంటాం. కాబట్టి "ఫోన్ హ్యాక్ అయింది" అన్నప్పుడు పోయింది ఫోనా, అకౌంటా, నంబరా అన్నది తేల్చుకోవాలి. అది తేలకుండా అందరూ చేసే మొదటి పని ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్తదానిలా చేయడం. నా దృష్టిలో అది ఆఖరున చేయాల్సిన పని.

డబ్బు కదులుతుంటే మిగతావన్నీ పక్కన పెట్టండి

మీరు చేయని డెబిట్ మెసేజ్ కనిపించిందా, వెంటనే మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకుని బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అన్నీ బ్లాక్ చేయించండి. నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగవి బోలెడు. ఏటీఎం కార్డు వెనక అచ్చయి ఉన్న నంబరే చూడండి.

ఆ వెంటనే 1930కి చేయండి. ఇది కేంద్ర హోం శాఖ నడిపే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు నిమిషాల్లో పారిపోతుంది. 1930లో ఫిర్యాదు నమోదైతే ఆ దారిలో ఉన్న బ్యాంకులకు సమాచారం వెళ్తుంది, ఇంకా డ్రా కాని సొమ్ము ఆగే అవకాశం ఉంటుంది. అందుకే "రేపు పొద్దున స్టేషన్‌కి వెళ్దాంలే" అనుకోవద్దు. ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, మొత్తం, సమయం దగ్గర పెట్టుకుని చేయండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, వాళ్లిచ్చే నంబరు రాసి పెట్టుకోండి.

బ్యాంకుకి చెప్పినట్టు రుజువు కూడా ఉండాలి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ కాక బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, 3 పని దినాల్లోపు చెప్పినవారిపై నష్టం పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మీ నష్టం, చెప్పాక పోయింది బ్యాంకు నష్టం. ఫోన్‌లో చెప్పి ఊరుకోక ఒక మెయిల్ కూడా పెట్టమనేది ఇందుకే.

పోయింది ఏమిటో ఎలా తెలుస్తుంది?

మీరు పంపని మెసేజ్‌లు మీ పేరుతో చుట్టాలకు వెళ్తున్నా, "కొత్త డివైస్‌లో లాగిన్ అయ్యారు" అని గూగుల్ నుంచి మెయిల్ వచ్చినా పోయింది అకౌంటు. ఇంట్లో అదే కంపెనీ సిమ్ ఉన్న మరో ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉండి, మీ ఫోన్‌లో మాత్రం గంటల తరబడి "నో సర్వీస్" అని ఉంటే నంబరును అనుమానించాలి. ఎవరో మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. ఒక యాప్‌ను తీసేద్దామని సెట్టింగ్స్ తెరవగానే ఆ పేజీ దానంతటదే మూసుకుపోతుంటే, వచ్చిన ఎస్సెమ్మెస్‌లు మీరు చూడకముందే చదివినట్టు కనిపిస్తుంటే, కెమెరా వాడకపోయినా స్క్రీన్ పైమూల ఆకుపచ్చ చుక్క వెలుగుతుంటే, అప్పుడు ఫోన్ లోపలే వెతకాలి.

అడక్కుండా ఓటీపీలు వస్తున్నాయంటే ఎవడో ప్రయత్నిస్తున్నాడనే తప్ప, లోపలికి వచ్చేశాడని కాదు. "మీ ఫోన్‌లో వైరస్‌లున్నాయి, వెంటనే క్లీన్ చేయండి" అని బ్రౌజర్‌లో ఎర్రగా మెరిసేవి ఉత్త ప్రకటనలు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకు వెళ్లి, మీరు ఎప్పుడో అనుమతిచ్చేసిన ఆ సైట్‌ను ఆపేస్తే పోతాయి.

నంబరు సంగతి

డయలర్‌లో *#21# కొట్టండి. మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయో లేదో చూపిస్తుంది. *#62# కొడితే ఫోన్ అందుబాటులో లేనప్పుడు ఎక్కడికి వెళ్తున్నాయో తెలుస్తుంది. ఈ రెండోదానిలో మీ టెలికాం కంపెనీ వాయిస్‌మెయిల్ నంబరు కనిపించొచ్చు, కంగారు పడొద్దు. తెలియని మామూలు పది అంకెల నంబరు కనిపిస్తేనే అనుమానించాలి. ##002# కొడితే అన్ని ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి. కొరియర్ అబ్బాయినంటూ ఫోన్ చేసి "*401* తర్వాత ఈ నంబరు కొట్టండి" అనే మోసం నడిచింది కాబట్టి, ఇలా కోడ్ కొట్టి కాల్స్ మళ్లించే సదుపాయాన్ని ఆపేయమని టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి కంపెనీలను ఆదేశించింది. కోడ్‌లు పనిచేయకపోతే ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ దగ్గర చూడండి.

సిమ్ మీదే అనుమానమైతే వేరే ఫోన్ నుంచి కంపెనీకి చెప్పి ఆపించి, గుర్తింపు కార్డుతో స్టోర్‌కి వెళ్లండి. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూడొచ్చు, మీవి కానివాటిపై అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇండియా సిమ్ రీచార్జి లేక, వాడకం లేక మూడు నెలలు డ్రాయర్‌లో పడి ఉంటే ఆ నంబరు రద్దవుతుంది, తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. బ్యాంకు ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి. ఎన్నారై ఖాతా "హ్యాక్" అయిందనుకునే కొన్ని చోట్ల జరిగింది ఇదే.

వాట్సాప్

సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరవండి. మీది కాని కంప్యూటరో, బ్రౌజరో కనిపిస్తే దాన్ని నొక్కి లాగౌట్ చేయండి. ఇందులో జనం మోసపోయే పద్ధతి ఇదీ: తెలిసినవాళ్ల నంబరు నుంచే "ఇందులో ఉన్నది నీ ఫోటోనే కదా" అని లింకు వస్తుంది. తెరిస్తే మీ నంబరు అడుగుతుంది, ఎనిమిది అక్షరాల కోడ్ చూపిస్తుంది, అది వాట్సాప్‌లో కొట్టమంటుంది. కొట్టారంటే మీ చాట్లన్నీ వాడి కంప్యూటర్లో తెరుచుకున్నట్టే. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు, మీ ఫోన్‌లో వాట్సాప్ మామూలుగానే నడుస్తుంటుంది.

మీరే బయటికి పడిపోయి ఉంటే మీ నంబరుతో మళ్లీ లాగిన్ అవ్వండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. వాడు టూ-స్టెప్ పిన్ (ఎస్సెమ్మెస్ కోడ్‌తో పాటు వాట్సాప్ అడిగే రెండో రహస్య నంబరు) పెట్టి ఉంటే మీరు లోపలికి రావడానికి 7 రోజులు ఆగాల్సి వస్తుంది. ఆ 7 రోజులూ వాడికి కూడా దారి ఉండదు. ఈలోగా ముఖ్యమైనవాళ్లకు మామూలు ఫోన్ చేసి, నా పేరుతో డబ్బు అడిగితే పంపొద్దని చెప్పండి. పిన్నమ్మలూ బాబాయిలూ "పాపం, అవసరమేమో" అని అడక్కుండా పంపేసేది ఆ మొదటి గంటల్లోనే. లోపలికి వచ్చాక మీ సొంత పిన్ పెట్టుకోండి.

గూగుల్, యాపిల్ అకౌంట్లు

పాస్‌వర్డ్‌లు మార్చాల్సింది అనుమానం ఉన్న ఫోన్‌లోంచి కాదు. దొంగ ఇంట్లో ఉండగానే కొత్త తాళంచెవి ఎక్కడ పెడుతున్నామో వాడికి చూపించినట్టవుతుంది. వేరే ఫోనో, ల్యాప్‌టాపో తీసుకోండి. ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా అన్నింటి పాస్‌వర్డ్‌లూ మెయిల్ ద్వారానే మారతాయి. అకౌంట్ సెక్యూరిటీ పేజీలో లాగినై ఉన్న డివైస్‌ల జాబితా చూసి తెలియనివి తీసేయండి, టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా అని చూడండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా చూడాలి. బ్యాంకు నుంచి వచ్చే మెయిల్స్ నేరుగా చెత్తబుట్టలో పడేలా దొంగ ఒక ఫిల్టర్ పెట్టి వెళ్తే, పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే ఉండిపోతుంది.

ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి ప్రైవసీ సెట్టింగ్స్‌లో సేఫ్టీ చెక్ ఉంది. మీ లొకేషన్, ఫోటోలు ఎవరెవరితో పంచుకుంటున్నారో ఒకేచోట చూపించి, అక్కడే ఆపేసే వీలిస్తుంది.

ఫోన్ లోపల వెతకడం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో నిజంగా దొంగ దూరాడంటే, వచ్చింది ఎక్కువసార్లు ఏపీకే ఫైల్‌గానే, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైల్. "ఆర్టీఓ చలాన్", "పీఎం కిసాన్", "పెళ్లి పత్రిక", ఫలానా బ్యాంకు రివార్డు పాయింట్లు... పేర్లు మారుతుంటాయి. కాలనీ గ్రూపులో, అదీ మనకు తెలిసిన మనిషి నంబరు నుంచే వస్తుంది. ఎందుకంటే అంతకుముందు పడిపోయింది ఆయన ఫోనే. నొక్కగానే "ఈ సోర్సు నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతించాలా" అని ఫోన్ అడుగుతుంది, తర్వాత ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతుంది. రెండూ ఇచ్చేశాక ఐకాన్ మాయం. "అది తెరుచుకోలేదండీ, వదిలేశాను" అంటారు. అది తెరుచుకోవాల్సిన పని లేదు, ఓటీపీలు చదవడానికి ఆ అనుమతి చాలు. నిజంగా చలాన్ ఉందో లేదో చూడాలంటే ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోండి.

వెతికేటప్పుడు కంపెనీని బట్టి మెనూల పేర్లు మారతాయి కాబట్టి సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో కొట్టడం తేలిక.

ముందు యాప్స్ జాబితా మొత్తం తెరవండి. హోమ్ స్క్రీన్‌పై లేనివి కూడా ఇక్కడ ఉంటాయి. పేరు లేనిది, ఐకాన్ ఖాళీగా ఉన్నది, "సిస్టమ్ అప్‌డేట్" లాంటి పేరుతో మొన్నే ఎక్కినది ఉందా చూడండి. తర్వాత యాక్సెసిబిలిటీ. డౌన్‌లోడ్ చేసిన యాప్స్ కింద ఏవి ఆన్‌లో ఉన్నాయో చూడండి. స్క్రీన్‌పై ఉన్నదంతా చదివి, మీ బదులు బటన్లు నొక్కగలిగే అనుమతి ఇదే, దొంగ యాప్‌లకు ఇదంటే ప్రాణం. చూపు సమస్య ఉన్నవాళ్లు వాడే టాక్‌బ్యాక్ లాంటివి తప్ప అక్కడ వేరే ఏవీ ఉండాల్సిన పని మామూలుగా ఉండదు. ఆ తర్వాత డివైస్ అడ్మిన్ యాప్స్, నోటిఫికేషన్ యాక్సెస్, ఎస్సెమ్మెస్ అనుమతి ఉన్న యాప్స్. చివరగా "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" దగ్గర వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ అన్నిటికీ అనుమతి తీసేయండి. దూరం నుంచి మీ స్క్రీన్ చూపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ తమంతట తాము చెడ్డవి కావు, కానీ ఎవరో ఫోన్‌లో చెబితే ఎక్కించి ఉంటే తీసేయండి.

తీసేయబోతే మొరాయించే యాప్‌కు ముందు అడ్మిన్ హక్కు, యాక్సెసిబిలిటీ అనుమతి తీసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. అప్పటికీ కాకపోతే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో ఆన్ చేయండి. అందులో బయటి యాప్‌లేవీ నడవవు కాబట్టి అది అడ్డుపడలేదు. తర్వాత ప్లే స్టోర్‌లో మీ ఫోటో నొక్కి ప్లే ప్రొటెక్ట్‌తో స్కాన్ చేయండి.

రీసెట్

ఇంత చేసినా అనుమానం తీరకపోతే, లేదా ఆ ఏపీకే వల్ల డబ్బు పోయి ఉంటే, ఇప్పుడు రీసెట్. అంతకుముందే ఆ యాప్ పేరు, వచ్చిన లింకు, పంపిన నంబరు, డెబిట్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌కి పంపుకోండి. పోలీసులకు చూపించాల్సినవి అవే, రీసెట్‌తో అవీ పోతాయి. ఫోటోలు, కాంటాక్టులు మాత్రమే బ్యాకప్ తీసుకోండి. ఫోన్‌లో ఉన్న గూగుల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, రీసెట్ తర్వాత అదే అడుగుతుంది. యాప్‌లను బ్యాకప్‌లోంచి గంపగుత్తగా దించకుండా ప్లే స్టోర్ నుంచి ఒక్కొక్కటే ఎక్కించుకుని, యూపీఐ పిన్ కొత్తది పెట్టుకోండి.

ఇంట్లోవాళ్ల మీదే అనుమానం ఉంటే

ఇది వేరే సమస్య. మీ పిన్ తెలిసిన మనిషికి హ్యాకింగ్ అక్కర్లేదు. మీరు స్నానానికి వెళ్లిన ఐదు నిమిషాలు చాలు, మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ పెట్టడానికో, వాట్సాప్‌ను తన ల్యాప్‌టాప్‌కి లింకు చేయడానికో. ఇక్కడ పైన చెప్పినవన్నీ గబగబా చేసేయొద్దు. గూఢచారి యాప్ తీసేసిన క్షణాన అవతలివారికి తెలిసిపోతుంది, కొట్టే మనిషైతే అది ప్రమాదం. ముందు స్నేహితురాలి ఫోన్ నుంచో ఆఫీసు ఫోన్ నుంచో మహిళా హెల్ప్‌లైన్ 181కి మాట్లాడండి, తెలంగాణలో పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. ఏం చేయాలో నిర్ణయించుకునేదాకా అసలు విషయాలు ఆ ఫోన్‌లో మాట్లాడకండి, వెతకకండి. ఫోన్‌ను మార్చడం, పాస్‌వర్డ్‌లు మార్చడం మీరు క్షేమంగా ఉన్న చోటుకి చేరాకే.