పాలు పట్టే తీరు, పెరిగాక బరువు

తొలి ఏడాదిలో బరువు అమాంతం పెరిగే పిల్లల్లో తర్వాత బడి వయసులో, టీనేజీలో ఊబకాయం ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఏ పాలు పడుతున్నామో, ఎలా పడుతున్నామో రెండూ చూసుకోవాలి.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. అయితే తల్లిపాలు తాగితే ఇక లావెక్కరన్న భరోసా లేదు. 1996-97లో బెలారస్‌లో పుట్టిన పిల్లలపై జరిగిన ప్రోబిట్ అధ్యయనంలో, తల్లిపాలను ప్రోత్సహించినా పదకొండున్నరేళ్లకు ఊబకాయం తగ్గలేదు. తల్లిపాల మేలు ఇన్‌ఫెక్షన్ల నుంచి కాపాడటంలో స్పష్టంగా తెలుస్తుంది.

డబ్బాపాలు తప్పనిసరైతే ప్రొటీన్ ఎంతుందో చూడండి. 100 మి.లీ. తల్లిపాలలో అది సుమారు 1 గ్రామే, ఆవుపాలలో 3 గ్రాములకు పైనే. యూరప్‌లో జరిగిన పరిశోధనలో ప్రొటీన్ ఎక్కువున్న డబ్బాపాలు తాగినవారికి ఆరేళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) ఎక్కువగా ఉంది. అందుకే ఏడాది నిండేదాకా ఆవుపాలను ప్రధాన ఆహారం చేయొద్దు.

కలిపేటప్పుడు ముందు నీళ్లు కొలిచి, తర్వాత పొడి వేయాలి. డబ్బాలోని స్కూపునే వాడి, పైన చదును చేయాలి. స్కూపు గోపురంలా నింపితే పాలు చిక్కబడి, ప్రతిసారీ అదనపు కేలరీలు చేరతాయి. నీళ్లు ఎక్కువైతే బిడ్డ ఎదగదు.

పట్టేటప్పుడు బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, సీసాను దాదాపు అడ్డంగా పట్టుకోండి. సీసా పీక చివర పాలు నిండి ఉంటే చాలు. నాలుగైదు గుక్కలకోసారి సీసా దించి ఊపిరి తీసుకోనివ్వండి. బిడ్డ తల తిప్పేసినా, పీక వదిలేసినా, పిడికిళ్లు విప్పి సడలిపోయినా కడుపు నిండినట్టే. సీసాలో ఇంకో 20 మి.లీ. ఉందని బలవంతంగా పట్టకండి, పారబోయండి. ఎంత చాలో తెలుసుకునే శక్తి బిడ్డకు పుట్టుకతోనే ఉంది, మనం కుక్కికుక్కి పట్టడం వల్లే అది మొద్దుబారుతుంది. ఏడ్చిన ప్రతిసారీ ఆకలని కూడా అనుకోవద్దు.

ఘనాహారం ఆరు నెలలకు మొదలుపెట్టండి, నాలుగు నెలల లోపు అసలే వద్దు. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. పాలసీసాలో పిండి కలపకండి. ఏడాదిలోపు చక్కెర, పండ్లరసం ఇవ్వకండి.

తల్లిపాలు తాగే బిడ్డ మూడు నాలుగు నెలల తర్వాత డబ్బాపాల బిడ్డకన్నా నెమ్మదిగా బరువు పెరగడం సహజం. అది చూసి కంగారుపడి సీసా అలవాటు చేయకండి. గ్రోత్ చార్టులో (వయసును బట్టి ఎదుగుదలను చూపే పట్టిక) బిడ్డ బరువు ఒక్కో గీతా దాటుకుంటూ పైకి పోతుంటే డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు వేగంగా ఎదగడం అవసరం కావచ్చు, సొంతంగా పాలు తగ్గించకూడదు.

బీఎంఐ సాధారణంగా ఐదారేళ్లప్పుడు అట్టడుగుకు చేరి, మళ్లీ పెరుగుతుంది. ఐదేళ్లలోపే పెరగడం మొదలైతే కౌమారంలో ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. రెండేళ్ల తర్వాత కూడా ఆరునెలలకోసారి ఎత్తు, బరువు రాసిపెట్టుకుంటే ఆ మలుపు వేళకు కనబడుతుంది.