వంట చేసేటప్పుడు తడి ఎక్కడుందో చూసుకోండి

వంట కుదరలేదని మా తమ్ముడు ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఉప్పు గురించో మంట గురించో కాదు, "తడి ఎక్కడుందిరా?" అని. వంటింట్లో మనల్ని విసిగించే చిక్కులు చాలామటుకు నీళ్లు ఉండకూడని చోట ఉండటం వల్లో, ఉండాల్సిన చోట లేకపోవడం వల్లో వస్తాయి.

వేపుడే తీసుకోండి. బంగాళాదుంప ముక్కలు ఎర్రగా వేగకుండా మెత్తగా ముద్దయిపోతున్నాయంటే కారణం తడే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ముక్క బాగా ఎర్రబడాలంటే దాని పైభాగం 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. పైన తడి ఉన్నంతసేపూ ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. అందుకే ముక్కలు కోశాక కడగండి, పైనున్న పిండి పోయి ఒకదానికొకటి అంటుకోవు. తర్వాత పొడిగుడ్డ మీద పరిచి, ఇంకో గుడ్డతో అద్దండి. బాణలి నిండా కుమ్మరించకుండా ఒక వరసలో పట్టేన్ని వేసి, మిగిలినవి రెండో వాయికి ఉంచండి. ముక్క వేయగానే చుయ్‌మని గట్టిగా మోగాలి. ఆ మోత పోయి నెమ్మదిగా ఉడుకుతున్న చప్పుడు వస్తే బాణలి చల్లబడిందని అర్థం. మూత ఉంటే తీసేసి మంట పెంచండి. ఉప్పు నీరు లాగుతుంది కాబట్టి చివర్లోనే వేయండి.

ఉల్లిపాయకు ఇదే గుణం కలిసొస్తుంది. నూనెలో వేయగానే చిటికెడు ఉప్పు చల్లితే నీరు వదిలి, అంచులు మాడకుండా మెత్తబడుతుంది. ఆ నీరు ఇగిరాకే రంగు తిరుగుతుంది, కాబట్టి తొందరపడకండి. అడుగున గోధుమరంగు పొర పట్టుకుంటే చెంచాడు నీళ్లు పోసి గరిటెతో గీకి కలిపేయండి. రుచంతా అందులోనే ఉంటుంది, దాన్ని వదులుకుంటే నాకు ప్రాణం ఒప్పదు.

కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేస్తే పీల్చేస్తుందంటారు. అది పీల్చేది ఉప్పునీళ్లని, ఉప్పును మాత్రమే కాదు. మిగిలిన పులుసులో ఉప్పదనం తగ్గదు. నీళ్లు గానీ, ఉప్పు లేకుండా ఉడికించిన కూరగాయలు గానీ కలిపి పలచన చేయడమే దారి.

ఆకుకూరలు కడిగి అలాగే ఫ్రిజ్‌లో పెడితే త్వరగా కుళ్లిపోతాయి. బాగా ఆరబెట్టి, పొడి కాగితంలోనో గుడ్డలోనో చుట్టి డబ్బాలో పెట్టండి. ఆవిరి కక్కుతున్న గిన్నె మీద మసాలా డబ్బా వంచకండి, పొడి గడ్డ కడుతుంది. పొడి చెంచాతో తీసి వేయండి.

అన్నం మిగిలితే మాత్రం దయచేసి అశ్రద్ధ చేయకండి. గోరువెచ్చని తడి అన్నంలో వండినా చావని ఒక రకం బాక్టీరియా బీజాలు మళ్లీ పెరుగుతాయి. అవి వదిలే విషం తర్వాత ఎంత వేడిచేసినా పోదు. గిన్నెలోనే గుట్టగా వదిలేయకుండా వెడల్పు పళ్లెంలో పలచగా పరచండి. ఆవిరి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి, రెండు గంటలు దాటనివ్వద్దు.

కూరగాయలు కోసే పలక కింద తడిగుడ్డ వేస్తే అది జారదు, కత్తి అదుపులో ఉంటుంది. వేడి గిన్నె పట్టుకునే గుడ్డ మాత్రం పూర్తిగా పొడిగా ఉండాలి. తడిగుడ్డలోంచి వేడి చటుక్కున చేతికి పాకి కాలుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది నూనెకు నిప్పంటుకోవడం. కంగారులో చేయి నీళ్ల మీదికే పోతుంది, కానీ ఒక్క చుక్క కూడా పోయకూడదు. నూనె కంటే బరువైన నీరు అడుగుకు దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరైపోతూ మండే నూనెను పైకి చిమ్ముతుంది. పొయ్యి ఆపండి. లోహపు మూతను పక్కనుంచి జరిపి కప్పేయండి. బాణలిని కదపకుండా పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. మంట అదుపులోకి రాకపోతే అందరూ బయటికొచ్చి ఫైర్ వాళ్లకు ఫోన్ చేయండి. వేపుడు మొదలుపెట్టే ముందే, బాణలికి సరిపోయే మూత చేతికి అందేలా పెట్టుకోండి.